పనిచోట కష్టం వినే మనిషి

ఆఫీసు నుంచి వచ్చిన మనిషి చెప్పులు విడిచే తీరు చూసి ఆ పూట అక్కడ ఏం జరిగిందో సగం చెప్పగలం మనం. పైఅధికారి నలుగురిలో కసిరాడో, ప్రమోషను జాబితాలో పేరు గల్లంతయిందో, మంచినీళ్ళ గ్లాసు అందించి కాసేపు ఊరుకుంటే మిగతా సగం తనే చెప్పేస్తాడు. మనమే ఉద్యోగానికి వెళ్ళినా అంతే, వినడానికి ఇంట్లో ఒక తల్లో, తోడికోడలో ఉంటే ఆ రాత్రి నిద్ర పడుతుంది. పనిచోట తగిలిన దెబ్బకి మందు ఇంటిదగ్గరే వెయ్యాలని ఎప్పటినుంచో అనుకుంటూ వచ్చాం. మరి ఇల్లు వెయ్యి మైళ్ళ దూరాన ఉన్నవాడి సంగతేమిటి? ఇంట్లో నోరు విప్పి చెప్పుకోలేని కష్టం సంగతేమిటి? అలాంటివాళ్ళకోసం పనిచోటే ఒక మనిషిని పెట్టాలి, ఆ మనిషి పనల్లా వినడమే అన్న ఆలోచన ఫ్యాక్టరీలతో పాటే పుట్టి పెరిగింది. ఆ కథే ఇవాళ చెప్పుకుందాం.

ఇంగ్లీషువాళ్ళు ఆ మనిషిని చాప్లిన్ అంటారు. సినిమా చాప్లిన్ కాదు సుమండీ! పలకడానికి ఒకటే గాని రాసేటప్పుడు ఒక అక్షరం తేడా. గుడికి కాకుండా దండుకో, ఓడకో, ఆస్పత్రికో, జైలుకో అంటిపెట్టుకుని ఉండే క్రైస్తవ గురువు అన్నమాట. ఆ పేరు వెనక ఒక కథ ఉంది. నాలుగో శతాబ్దంలో మార్టిన్ అనే రోమన్ సిపాయి చలికాలంలో గుర్రం మీద పోతూ ఉంటే ఊరి ద్వారం దగ్గర ఒంటిమీద గుడ్డలేని బిచ్చగాడు ఎదురయ్యాడట. సిపాయి తన అంగీని కత్తితో రెండు ముక్కలు చేసి ఒక ముక్క అతనికిచ్చాడు. తర్వాత ఆయన్ని మహాత్ముడన్నారు. ఆ అంగీని రాజులు భద్రంగా దాచుకున్నారు. లాటిన్‌లో అంగీని కప్ప అంటారు, దాన్ని కనిపెట్టుకుని ఉండే గురువులకు అంగీ పేరే వచ్చింది. మొత్తం ఇచ్చెయ్యలేదు, సగమే ఇచ్చాడు. అదే నాకు నచ్చింది. ఇచ్చినవాడూ చలిలో ఇంటికి చేరాలి కదా.

పనిచోటుకి ఈ మనిషి రావడంలో ఒక ఆడమనిషి చెయ్యి ఉంది. ఆవిడ పేరు ఎలిజబెత్ గార్నెట్. ఇంగ్లండులో యార్క్‌షైరు ప్రాంతంలో ఓట్లీ అనే చిన్న ఊళ్ళో 1839లో పుట్టింది. తండ్రి ఆ ఊరి చర్చి గురువు. ఆవిడ చిన్నప్పుడే ఆ పక్కన బ్రామ్‌హోప్ అనే చోట రైలుకోసం కొండ తొలిచి సొరంగం వేశారు. 1845 నుంచి 1849 దాకా సాగిన ఆ పనిలో ఇరవైమందికి పైగా కూలీలు పోయారు. ఓట్లీ చర్చి ఆవరణలో వాళ్ళకి కట్టిన స్మారకం అచ్చం ఆ సొరంగం ముఖద్వారంలాగే ఉంటుంది. గురువుగారింటి పిల్ల కళ్ళకి ఇంతకంటే దగ్గరగా ఏం కనబడాలి?

ఆ కూలీలని అక్కడ నావీలనేవారు. కాలవలు, రైలు కట్టలు, జలాశయాలు, రేవులు అన్నీ పారతో పలుగుతో తవ్వినవాళ్ళు వాళ్ళే. ఒకచోట పని అయితే ఇంకోచోటికి. సొంత ఊరు ఉండదు, పెట్టిన పేరు కూడా నిలవదు, మారుపేర్లతోనే చెలామణీ. ఊళ్ళో ఇళ్ళు దొరకవు గనక పని జరిగేచోటే చెక్క గుడిసెలు వేసేవాళ్ళు. ఒక్కో గుడిసెకి ఒక్కో ఇల్లాలు, ఆవిడ చేతికింద డజనుమంది దాకా అద్దెకుండే మగవాళ్ళు. వాళ్ళ వంట సంగతి వినండి. పొయ్యిమీద ఒకే పెద్ద డేగిశా. ఎవరి మాంసం ముక్క వాళ్ళు, ఎవరి బంగాళాదుంపలు వాళ్ళు తెచ్చి ఇస్తే ఒక్కొక్కటీ దారానికి కట్టి, దారం కొసని ఒక పుల్లకి చుట్టి, అన్నీ ఆ డేగిశాలోకే వదిలేది. ఏ పుల్ల ఎవరిదో ఆవిడకే గుర్తు. మన ఇంట్లో నలుగురికి నాలుగు రుచులంటేనే విసుక్కుంటాం.

గార్నెట్‌కి పెళ్ళయిన కొద్దికాలానికే భర్త పోయాడు. లీడ్స్ నగరానికి నీళ్ళకోసం లిండ్లీవుడ్ అనే చోట జలాశయం కడుతూ ఉంటే 1870ల్లో ఆవిడ అక్కడి కూలీల గుడిసెల మధ్యకే వెళ్ళి ఉంది. ఆ పనికి నాంది పలికింది లూయిస్ మౌల్ ఎవాన్స్ అనే యువ గురువు. 1877లో నావీల మిషన్ అన్న సంఘం పెట్టారు. ఎవాన్స్ మరుసటి ఏడే చనిపోయాడు. సంఘం మాత్రం దేశమంతటా పనులు జరిగేచోటికల్లా మనుషుల్ని పంపింది.

ఆవిడ చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది ఒక ఉత్తరం. 1878 నుంచి మూడు నెలలకోసారి కూలీలందరి పేరా ఒక ఉత్తరం అచ్చువేసి పంచేది. దాదాపు నలభై ఏళ్ళు తనే నడిపింది. అందులో దైవచింతన ఉండేది, తాగుడు మీద చీవాట్లు ఉండేవి. ఆవిడ నోరు మెత్తని నోరేం కాదు. కాని కూలీలు ఎదురుచూసింది వాటికోసం కాదు. ఎక్కడ కొత్త పని మొదలవుతోంది, ఏ పనిలో ఎవరికి కాలు విరిగింది, ఎవరు చనిపోయారు, ఎవరికి పెళ్ళయింది, ఏ తల్లి ఏ కొడుకుకోసం వెతుకుతోంది, ఇవన్నీ ఆ కాగితంలో ఉండేవి. మారుపేరుతో బతుకుతూ ఎక్కడో పలుగు పడుతున్న కొడుకు కంట ఆ కబురు పడేది. ఓదార్పు అంటే భుజంమీద చెయ్యి వెయ్యడం ఒకటే కాదు, నిన్ను లెక్కపెట్టుకున్నవాళ్ళు ఒకరున్నారని తెలియజెయ్యడం కూడా. గురువుగారి ఉపన్యాసంకంటే ఈ మాట ఆ ఉత్తరంలోనే బాగా తెలుస్తుంది.

అయితే ఒకటి. కాంట్రాక్టర్లలో కొందరు ఈ మిషన్‌ని సంతోషంగానే రానిచ్చారు. ఎందుకు రానివ్వరు? తాగకుండా సోమవారం పొద్దున్నే పనిలోకి వచ్చే కూలీ ఎవరికి చేదు? వినే మనిషి కూలీకి ఎంత పనికొస్తాడో యజమానికీ అంతే పనికొస్తాడని అప్పుడే బయటపడింది. ఇక ముందు చెప్పబోయే కథంతా ఈ చిక్కుముడి చుట్టూనే.

ఫ్యాక్టరీల్లోకి ఆడపిల్లలు చేరాక వాళ్ళ మంచిచెడ్డలు చూడడానికి ఆడవాళ్ళే కావలసివచ్చారు. యార్క్ పట్టణంలో రౌన్‌ట్రీ వారి కోకో, మిఠాయిల ఫ్యాక్టరీలో 1896లో మేరీ వుడ్ అనే ఆవిడని ఆ పనికి పెట్టుకున్నారు. చాప్లిన్ కాదు గాని చేసిన పని అదే. పనిగదుల్లో పూలు పెట్టించడం దగ్గర్నుంచి జబ్బుచేసిన పిల్ల ఇంటికి వెళ్ళి చూసిరావడం దాకా. ఇలాంటివాళ్ళు అక్కడక్కడ ఫ్యాక్టరీల్లో తయారై 1913లో యార్క్‌లోనే కలుసుకుని సంఘం పెట్టుకున్నారు. ఎక్కువమంది ఆడవాళ్ళే. ఆ సంఘం ఏమైందో తెలుసా? పేర్లు మార్చుకుంటూ మార్చుకుంటూ సిబ్బంది వ్యవహారాల మేనేజర్ల సంఘమైంది. ఇరవయ్యో శతాబ్దం సగమయ్యేసరికి అందులో మగవాళ్ళదే పైచెయ్యి. జబ్బుపిల్లని చూసిరావడానికి పుట్టిన ఉద్యోగం నియామకాలు, బదిలీలు, పని తీసివెయ్యడాలు చూసే ఉద్యోగమైంది. దీన్ని అభివృద్ధి అని రాస్తారు పుస్తకాల్లో. నాకైతే అంత సులువుగా నోరురాదు.

మొదటి ప్రపంచయుద్ధంలో జెఫ్రీ స్టడర్ట్ కెనెడీ అనే దండు చాప్లిన్ ఉండేవాడు. ముందువరసలో సిపాయిలకు వుడ్‌బైన్ సిగరెట్లు పంచుతూ తిరిగేవాడని అందరూ ఆయన్ని ‘వుడ్‌బైన్ విల్లీ’ అన్నారు. గుండ్ల వర్షంలో క్షతగాత్రుల్ని మోసినందుకు పతకం కూడా ఇచ్చారు. యుద్ధం అయ్యాక ఆయన ఫ్యాక్టరీ ఊళ్ళలో తిరిగి మాట్లాడే పనిలో చేరాడు. నావీల మిషన్ ఇంకో సంఘంతో కలిసిపోయి ఏర్పడ్డ సంస్థలోనే. 1929లో నలభై అయిదేళ్ళకే పోయాడు. గార్నెట్‌గారి ఉత్తరానికి, కందకాల్లో సిగరెట్టుకి అలా చుట్టరికం కలిసింది.

రెండో యుద్ధంలో ఇంగ్లండులో మందుగుండు ఫ్యాక్టరీలు రాత్రింబవళ్ళు నడిచాయి. స్టాఫర్డ్‌షైరులోని స్విన్నర్టన్ ఫ్యాక్టరీ అలాంటిది. వేలమంది పనిచేసేవారు, ఎక్కువమంది ఆడవాళ్ళు. భర్తలు, అన్నదమ్ములు యుద్ధంలో ఉంటే వీళ్ళు తూటాలు నింపేవారు. అక్కడ చాప్లిన్‌గా ఉన్న టెడ్ వికమ్ కూడా కుర్రతనంలో ఫ్యాక్టరీ పని చేసినవాడే. ఆయన్ని 1944లో షెఫీల్డ్ బిషప్ లెస్లీ హంటర్ పిలిపించి ఉక్కు ఫ్యాక్టరీలు అప్పజెప్పాడు. షెఫీల్డ్ అంటే ఉక్కు. మన అమ్మమ్మల ఇళ్ళల్లో మంచి చాకు ఉంటే దానిమీద ఆ ఊరి పేరే చెక్కి ఉండేది, చూసే ఉంటారు.

వికమ్ చేసిన పని చూడడానికి ఏమీ లేదు. కొలిమి దగ్గరికి వెళ్ళి నిలబడేవాడు. షిఫ్టు మధ్యలో తిండికి కాసేపు ఆపుతారు కదా, ఆ కాసేపట్లో చుట్టూ కూర్చున్నవాళ్ళతో మాట్లాడేవాడు. ప్రార్థన పెట్టడు, చర్చికి రమ్మనడు. యుద్ధం సంగతి, జీతం సంగతి, ఇంట్లో జబ్బు సంగతి, దేవుడున్నాడా లేడా అన్న సంగతి, ఏది వస్తే అది. మళ్ళీ వారం మళ్ళీ అక్కడే. ఒక ఏడాది కాదు, పదిహేనేళ్ళు! క్రమంగా ఇంకొందరు చాప్లిన్లు చేరారు. వికమ్ 1957లో ఒక పుస్తకం రాశాడు. కార్మికులు చర్చిని వదిలి పోయారని అందరూ అంటారు, అసలు వాళ్ళు చర్చిలో ఎప్పుడున్నారు గనక పోవడానికి అని ఆయన వాదన. సొంత ఇంటివాళ్ళకే చురక!

ఆయన పెట్టుకున్న రెండు కట్టుబాట్లు మాత్రం గుర్తుంచుకోవాలి. ఒకటి, మేనేజిమెంటు ఒప్పుకుంటే చాలదు, యూనియన్ కూడా ఒప్పుకుంటేనే గేటు దాటి లోపలికి వెళ్ళడం. రెండోది, ఫ్యాక్టరీ దగ్గర ఒక్క పైసా తీసుకోకపోవడం. జీతం చర్చి ఇచ్చేది. ఈ రెండూ లేకపోతే ఆయన చెవిలో వేసిన మాట సాయంత్రానికి మేనేజరు బల్లమీద ఉంటుందేమోనన్న అనుమానం ఏ కార్మికుడికైనా రాకమానదు. అనుమానం ఉన్నచోట మనిషి వాతావరణం గురించే మాట్లాడతాడు గాని తన గురించి మాట్లాడడు.

అదే కాలంలో ఫ్రాన్సులో ఇంకో ముందడుగు వేశారు. కొందరు కేథలిక్ గురువులు చూడడానికి, వినడానికి కాదు, ఏకంగా కూలీలుగానే చేరిపోయారు. రేవుల్లో బస్తాలు మోశారు, కార్ల ఫ్యాక్టరీల్లో మిషన్ల దగ్గర నిలబడ్డారు, సమ్మె వస్తే సమ్మెలోనూ దిగారు. రోముకి ఇది మింగుడుపడలేదు. 1954లో ఆపెయ్యమన్నారు, 1965లో మళ్ళీ అనుమతించారు. ఎవరి మనిషివి అని అడిగితే ఇంత సూటిగా జవాబు చెప్పినవాళ్ళు మరొకరు లేరు. అందుకే కాబోలు అంత త్వరగా ఆపించారు.

ఇక అమెరికా. నార్త్ కరొలీనాలో విన్‌స్టన్ సేలం అనే ఊరు, అక్కడ రెనాల్డ్స్ వారి పెద్ద సిగరెట్ల ఫ్యాక్టరీ. ఆకు నుంచి ఈనె తీసే పని నల్లజాతి ఆడవాళ్ళది. మన గుంటూరు, చీరాల వైపు పొగాకు కంపెనీల్లో ఆకు గ్రేడింగు చేసే ఆడవాళ్ళని ఎరిగినవారికి ఆ ఘాటూ, ఆ దుమ్మూ నేను వేరే వర్ణించనక్కర్లేదు. 1943 జూన్‌లో ఒక విధవరాలు, పిల్లలు గలది, ఒంట్లో బాగాలేక పనిలో వెనకబడింది. చెయ్యలేకపోతే పొమ్మన్నాడు మేస్త్రీ. తోటి ఆడవాళ్ళు చూస్తూ ఊరుకోలేకపోయారు. థియొడోషియా సింప్సన్ అనే కార్మికురాలు ముందుండగా, భోజనాల వేళ అయ్యాక సుమారు రెండు వందలమంది మిషన్లవైపు తిరక్కుండా కూర్చుండిపోయారు. మీరు నిలబడితే మీతో నేనూ ఉంటానన్న జేమ్స్ మెకార్డెల్ అనే మగ కార్మికుడు, అప్పటికే జబ్బుతో ఉన్నవాడు, ఆ మాట అన్న కాసేపటికే అక్కడే కుప్పకూలి ప్రాణం విడిచాడు. దాంతో ఫ్యాక్టరీకి ఫ్యాక్టరీ ఆగిపోయింది. 1944లో యూనియన్‌తో కంపెనీ ఒప్పందం రాసుకుంది. కూలి పెరిగింది, ఫిర్యాదు చేస్తే వినక తప్పని పద్ధతి వచ్చింది. ఆ ఆడవాళ్ళలో కొందరు తమ గదికి ప్రతినిధులై మేస్త్రీ ఎదుట నిలబడి మాట్లాడారు.

ఆ కంపెనీయే 1949లో ఉద్యోగులకు ధైర్యం చెప్పడానికి ఒక పాస్టరుని జీతమిచ్చి పెట్టుకుంది. కుటుంబ కలహాలు, తాగుడు, దిగులు, దేనికైనా ఆయన దగ్గరికి వెళ్ళవచ్చు. అమెరికాలో పెద్ద కంపెనీలు ఇలా పెట్టుకున్న తొలి ఉదాహరణల్లో ఇదొకటని చెబుతారు. మరుసటి ఏడు, 1950లో, కొద్ది ఓట్ల తేడాతో ఆ యూనియన్ గుర్తింపు పోగొట్టుకుంది. పాస్టరు వల్లే యూనియన్ పోయిందని నేననను. దానికి వేరే కారణాలు చాలా ఉన్నాయి. ఆ పాస్టరు మంచివాడే అయివుండవచ్చు, ఎందరి కన్నీళ్ళో తుడిచివుండవచ్చు. కాని ఆ విధవరాలిని తల్చుకోండి. ఆవిడకి ఆ రోజు కావలసింది కన్నీళ్ళు తుడిచే చెయ్యి కాదు, మేస్త్రీని ఆగమనే గొంతు. ఓదార్పు ఉన్నచోట న్యాయం అక్కర్లేదని యజమాని అనుకుంటే ఓదార్పు కూడా చేదే అవుతుంది.

తర్వాత తర్వాత అమెరికాలో ఇది ఒక వ్యాపారమే అయింది. 1984లో టెక్సాస్‌లో, ఇదివరకు దండులో చాప్లిన్‌గా చేసిన ఒకాయన, కంపెనీలకు చాప్లిన్లని సరఫరా చేసే సంస్థ పెట్టాడు. కోళ్ళు, మాంసం అమ్మే టైసన్ కంపెనీ 2000లో సొంతంగా చాప్లిన్లని తీసుకుని, తరువాత ఆ సంఖ్యని వంద దాకా పెంచింది. ఆస్పత్రికి వెళ్ళి పలకరిస్తారు, చావుకీ పెళ్ళికీ పిలిస్తే వస్తారు, చెప్పింది బయటపెట్టరు, మతం మార్చుకోమనరు, ఇదీ వాళ్ళు ఇచ్చే మాట. పరాయి దేశాలనుంచి వచ్చి భాష రాక కోళ్ళు కోస్తున్న మనుషులకి అది చిన్న సాయం కాదు. 2020లో కరోనా వచ్చినప్పుడు అయోవా రాష్ట్రంలో అదే కంపెనీ ఫ్యాక్టరీ ఒకదానిలో వెయ్యిమందికి పైగా జబ్బుపడ్డారు. ఎంతమందికి అంటుకుంటుందో అని మేనేజర్లు పందేలు కాశారని ఆరోపణ వచ్చి, విచారణ జరిపి ఏడుగురిని కంపెనీయే తీసేసింది. వినేవాళ్ళు ఉన్న కంపెనీలోనే ఇదీ జరిగింది.

మన దేశం సంగతి చెప్పకపోతే కథ సగమే. మన మిల్లుల్లో పని ఇప్పించేదీ మాన్పించేదీ మేస్త్రీయే. బొంబాయిలో జాబరు, కలకత్తాలో సర్దారు, పేరేదైనా ముడుపు ముడుపే. 1929లో వేసిన రాయల్ కమిషన్ 1931లో నివేదిక ఇస్తూ, ఈ మేస్త్రీల పట్టు తప్పించడానికి లేబర్ ఆఫీసర్లని పెట్టమంది. అలాంటి పనులకి మనుషుల్ని తయారుచెయ్యడానికి 1936లో బొంబాయిలో టాటావారు సంఘసేవ కళాశాల తెరిచారు. దాని మొదటి డైరెక్టరు క్లిఫర్డ్ మాన్షార్ట్, నాగ్‌పాడా పేటలో సేవాకేంద్రం నడిపిన అమెరికన్ మిషనరీ. చూశారా, దారి ఎక్కడో అక్కడ మళ్ళీ గురువుగారి దగ్గరికే చేరింది! మనవాళ్ళు చేసిన తెలివైన పని ఏమిటంటే మతాన్ని పక్కన పెట్టి ఆ ఉద్యోగాన్ని చట్టంలోకి ఎక్కించడం. 1948 ఫ్యాక్టరీల చట్టం అయిదు వందలమంది కార్మికులున్నచోట వెల్ఫేర్ ఆఫీసరు ఉండి తీరాలంది. 2020లో చేసిన కొత్త కోడ్ ఆ సంఖ్యని రెండు వందల యాభైకి దించింది.

కాని ఆ ఆఫీసరుకి జీతం ఇచ్చేది ఎవరు? యజమానే. వికమ్ భయపడ్డ చిక్కు మన గుమ్మంలోకీ వచ్చింది. క్యాంటీను, క్రెష్ చూడవలసినాయన చేత సమ్మెల్లో మేనేజిమెంటు తరఫున మాట్లాడించడం, కార్మికులమీద చార్జిషీట్లు రాయించడం మొదలైంది. 1969లో జాతీయ కార్మిక కమిషన్ ఇది తగదని చెప్పింది. చాలా రాష్ట్రాల నిబంధనల్లో వెల్ఫేర్ ఆఫీసరు కార్మికులకు వ్యతిరేకంగా యజమాని పక్షాన కోర్టులో నిలబడరాదని రాసిపెట్టారు కూడా.

పనిచోట ఆడవాళ్ళని వేధిస్తే విచారించడానికి 2013లో వచ్చిన చట్టంలోనూ ఇదే జాగ్రత్త కనిపిస్తుంది. పదిమంది ఉన్న ఆఫీసులో కూడా కమిటీ ఉండాలి, దానికి ఒక స్త్రీయే పెద్దగా ఉండాలి, అందులో ఒకరు తప్పనిసరిగా బయటి మనిషి అయివుండాలి, విన్నది బయటపెట్టకూడదు. ఉద్యోగం చేసే అమ్మాయిల్లో చాలామందికి ఆ బయటి మనిషి పేరేమిటో తెలియదు. హైదరాబాదులో కంప్యూటరు కంపెనీల్లో చేరిన పిల్లలకి మొదటిరోజే ఒక ఫోను నంబరు కూడా ఇస్తున్నారు, దిగులుగా ఉంటే పిలవమని. అవతల ఫోను ఎత్తే మనిషి ఎవరి మనిషి, తను చెప్పింది ఎక్కడిదాకా పోతుంది అని ఆ పిల్లలు అడగరు, మొహమాటం. ఈసారి సెలవుకి ఇంటికి వచ్చినప్పుడు మీరే అడిగి చూడండి, ఆ కమిటీలో బయటి మనిషి పేరేమిటని కూడా.